సుబ్బరామయ్య ఎడంచెయ్యి

పదకొండు రోజులుగా నాగవేణి మొగుడితో తప్ప ఇంట్లో అన్నిటితోనూ మాట్లాడుతోంది. పొద్దున్నే టీ గ్లాసు తెచ్చి అరుగు మీద పెట్టి, అక్కడ గింజలేరుకునే పెట్టకోడితో, "టీ చల్లారిపోతందని చెప్పవే ఆ మనిషికి," అంటుంది. కోడి చెప్పదు. సుబ్బరామయ్య తాగుతాడు. మధ్యాహ్నం ఖాళీ పీటతో, "కూర అడుగంటింది, ఇంకో ముద్ద కావాలంటే ఇప్పుడే అడగమను," అంటుంది. పీట కూడా చెప్పదు. సుబ్బరామయ్య ఆ ముద్ద మజ్జిగతో తిని లేస్తాడు.

యాభై మూడేళ్ళ సుబ్బరామయ్యకి ఇంతకన్నా పెద్ద శిక్ష ఇంకోటి లేదు. ఎవరినో ఒకరిని ఏడిపించందే అతనికి అన్నం అరగదు. పెనుమూడి వంతెన అవతల మీసాలకి కూడా టిక్కెట్టు తీసుకుంటున్నారని బస్సులో ఒక పెద్దమనిషికి చెప్పి, ఆయన మూతికి రుమాలు కట్టుకునేదాకా ఊరుకోలేదు. పెళ్ళివారి కారు సీటు కింద ఎండుచేపల మూట పెట్టి వడ్లమూడి దాకా సాగనంపాడు. కొత్త పెళ్ళికొడుకు ఇప్పటికీ ఆ కారెక్కితే ముక్కు మూసుకుంటాడు. చదివింది అయిదో తరగతి. అది కూడా మేష్టారి కుర్చీకి జిల్లేడుపాలు పూసిన రోజున పూర్తయింది.

అతని పాలెం రేపల్లె నుంచి ఆటోలో ముప్పావుగంట. ఏప్రిల్ సగం నుంచి జూన్ సగం దాకా వేట నిషేధం. మరపడవలు సముద్రం మొహం చూడకూడదు. ఆ రెండు నెలలూ చేపలు తీరిగ్గా గుడ్లు పెడతాయి, సుబ్బరామయ్య తీరిగ్గా పెంట పెడతాడు.

ఈసారి పెట్టింది ఇది. నాగవేణి తండ్రి వెంకటసుబ్బులు నిరుడు వానాకాలంలో పోయాడు. సుబ్బరామయ్యకి సొంత మేనమామ కూడాను. ఆయన పాత బటన్ ఫోను గూట్లో పడుంది. సుబ్బరామయ్య దానికి మూడు నెలల రీఛార్జి చేయించాడు. ఒక్కపూట వేళాకోళానికి మూడు నెలలెందుకంటే, అతని బుర్రలో ఇంకా చాలా ఉన్నాయి. మరుగుదొడ్డి వెనక్కి పోయి నిలబడి పెళ్ళానికి ఫోన్ చేశాడు. ఆమె ఫోను మీద 'నాన్న' అని పడింది. మామ గొంతు, మామ దగ్గు, మామ సాగదీత, అన్నీ అచ్చు దింపేస్తూ, "అమ్మాయ్ వేణీ, ఇక్కడ చలిగా ఉందే. నా రగ్గు పంపించు," అన్నాడు.

నవ్వాపుకోలేక అక్కడే చతికిలబడ్డాడు. లోపల్నుంచి కేకో తిట్టో వస్తుందని చూశాడు. ఏమీ రాలేదు. కిటికీలోంచి తొంగి చూస్తే ట్రంకుపెట్టె మూత తీసి ఉంది. నాగవేణి తండ్రి రగ్గు రెండు చేతులతో పట్టుకుని గది మధ్యలో నిలబడి, ఎటు పంపించాలో తెలియనట్టు అటూ ఇటూ చూస్తోంది. అప్పుడు కిటికీలో మొగుడి మొహం కనిపించింది. దాని మీద నవ్వు ఇంకా ఆరలేదు.

ఆమె బయటికొచ్చి ఆ ఫోను అతని చేతిలోంచి తీసుకుంది. బియ్యం డబ్బాలోకి పడేసి మూత పెట్టింది. అంతే. మాట ఆగిపోయింది.

సుబ్బరామయ్య తప్పయిందన్నాడు. చెవులు పట్టుకుని గుంజీలు తీశాడు. అసలు నష్టం అక్కడే జరిగింది. గుంజీల మధ్యలో అలవాటు కొద్దీ కోతి మొహం పెట్టాడు. నాగవేణి చీపురుతో, "ఈ మనిషి ఏడ్చినా యాషమేనే," అని ఊడ్చుకుంటూ పోయింది.

జూన్ పదిహేనున పడవలు దిగుతాయి. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో నాగవేణి 'పోయిరా' అనకుండా అతను ఒక్కనాడూ నీళ్ళ మీదికి పోలేదు. జ్వరమొచ్చినప్పుడు మంచంలోంచి అంది. పురిటింట్లో ఉండి కబురు పంపింది. పోట్లాడుకున్న రోజున గిన్నె విసిరి మరీ అంది. ఆ మాట లేకుండా పడవెక్కడమంటే అడుగున చిల్లుందని తెలిసీ ఎక్కడమే అతనికి. పాలెంలో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు. నవ్వించడమే గాని నవ్వులపాలవడం అతనికి అలవాటు లేదు.

ఒకరోజు టార్పాలిన్ కోసం అటకెక్కితే చిరిగిన వలల కింద గిటారు దొరికింది. కొడుకు లోకేష్ కాలేజీలో ఉండగా ఎవరో పిల్ల వినాలని కొన్నాడు. ఆ పిల్ల వినలేదు. వాడిప్పుడు తండ్రి పడవకే ఇంజను చూసుకుంటున్నాడు, గిటారు బొద్దింకలకి ఇల్లయింది.

దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే సుబ్బరామయ్యకి మామ కేక గుర్తొచ్చింది. ఒడ్డు నుంచి అలివి వల లాగేటప్పుడు తాడుకి ముందు మామ నిలబడేవాడు. "ఏం తిన్నార్రా... ఓ... ఓ..." అని ఆయన కేకేస్తే, వెనకున్న ఇరవైమందీ "హైలెస్సా!" అని ఒక్క బిగువున లాగేవాళ్ళు. నాగవేణి చిన్నప్పుడు ఆ కేకతోనే నిద్రలేచేది. ఆ వరస ఇప్పుడు తను పాడితే? మళ్ళీ వెక్కిరింపే అవుతుంది. ఈ నోరు ముప్పై ఏళ్ళుగా చెడిపోయింది, దీన్నెవరూ నమ్మరు. మరి నోరు మూసుకుని, చేతులతోనే వినిపిస్తే?

గిటారుని గోనెసంచిలో చుట్టుకుని రేపల్లెలో తెనాలి పాసింజరెక్కాడు. ఏంటని అడిగిన వాళ్ళకి సొరచేప అన్నాడు. భట్టిప్రోలు దాకా పక్క సీటు ఖాళీగానే ఉంది.

తెనాలిలో ఒక టిఫిన్ హోటలు మీద గదిలో ఫ్లోరెన్స్ గిటారు నేర్పుతుంది. పాతికేళ్ళ పిల్ల, ఆదివారాలు చర్చిలో వాయిస్తుంది. కింద అట్లు కాలే వాసన, పైన తీగల మోత. ఆ పూట ఇంకో విద్యార్థి కూడా ఉన్నాడు. బాపట్లలో గుమాస్తాగా చేసి రిటైరయిన వీరరాఘవయ్య. తెల్లటి మెత్తటి చేతులు.

"ముందు ఎడం చెయ్యి, బాబాయ్ గారూ," అంది ఫ్లోరెన్స్. "కుడిచెయ్యి మీటుద్దంతే. ఏ స్వరం పలకాలో చెప్పేది ఎడమదే."

"మా ఇంట్లో అట్టా కాదమ్మా. ఎడంచెయ్యి చేసే పని ఒకటే, అది నలుగుర్లో చెప్పుకునేది కాదు."

వీరరాఘవయ్య కిసుక్కుమన్నాడు. ఫ్లోరెన్స్ నవ్వకుండా గిటారు మెడని అతని చేతికిచ్చింది. సుబ్బరామయ్య దాన్ని గుప్పెటబట్టి తెడ్డు తిప్పినట్టు ఒక్క తిప్పు తిప్పాడు. వీరరాఘవయ్య కళ్ళజోడు ఎగిరి కిటికీ దగ్గర పడింది.

"పీక పిసక్కండి బాబాయ్! బొటనవేలు మెడ వెనకాల ఆనించండి, చాలు. మిగతా నాలుగూ ముందు నుంచి గొడుగులా వంచండి. వేలి పొట్టతో కాదు, కొసతో నొక్కాలి. అడ్డంగా ఈ కమ్మీలున్నాయి చూశారా, కమ్మీ మీద కాదు, దానికి ఇవతల ఆనీ ఆనకుండా."

నొక్కి మీటాడు. గిన్నెలో ఈగ పడ్డట్టు 'జుయ్'మంది.

"ఇంకొంచెం కమ్మీ దగ్గరికి."

ఈసారి 'టప్' మంది.

"పక్క తీగ మీద మీ వేలి పొట్ట పడింది."

"నా పొట్ట పడలేదు సంతోషించు," అన్నాడు సుబ్బరామయ్య. అని, వేళ్ళు తీసి చూసుకున్నాడు. కొసల మీద తీగ అచ్చు ఎర్రగా దిగింది. ముప్పై ఐదేళ్ళు తాళ్ళు లాగిన చెయ్యి, తనకి నొప్పేంటనుకున్నాడు. తాళ్ళ కాయలన్నీ అరచేతిలోనూ కణుపుల మీదా ఉన్నాయి. వేలి కొసలు మాత్రం పసిపిల్లవి. వాటికి ఇంతకాలం పని పడలేదు.

"మీకూ మండుతోందాండీ?" అన్నాడు వీరరాఘవయ్య ఆశగా.

"లేదండి," అన్నాడు సుబ్బరామయ్య, చెయ్యి చొక్కాజేబులో దాచుకుంటూ.

లేవబోతుంటే ఫ్లోరెన్స్, "ఎడం చేతి గోళ్ళు తీసేసి రండి, గోరు తగిలితే వేలు తీగ మీద నిలవదు," అంది. ఆ రోజు శుక్రవారం. సుబ్బరామయ్యకి బుర్రలో దీపం వెలిగింది. శుక్రవారం దీపాలవేళ గడపలో కూర్చుని గోళ్ళు తీస్తుంటే అరవని ఆడది ఆ పాలెంలో ఇంకా పుట్టలేదు.

సందెవేళ సరిగ్గా గడప మీద కూర్చుని, కటిక్, కటిక్ మని మొదలెట్టాడు. లోపల గిన్నెల చప్పుడు ఆగింది. కటిక్. నాగవేణి గుమ్మం దాకా వచ్చింది. నోరు తెరిచింది.

"ఒసే," అంది ఆమె కోడితో, "శుక్రవారం పొద్దుగూకాక గోళ్ళు తీసే కొంపలో లచ్చిమి ఉండదంట. నువ్వన్నా గంప కిందకి పోయి పడుకో."

కోడి పోయింది. ఎడమ చేతికి అయిదూ తీసి, కుడిచేతికి ఒక్కటీ తీయకుండా సుబ్బరామయ్య మిగిలిపోయాడు.

మర్నాడు ఎండుచేపల గంప దించుతూ పక్కింటి శేషారత్నం చూసింది. "ఒక చేతికే తీశావేంటి బావా?" అంది. అతను ఏదో గొణిగాడు. మధ్యాహ్నానికల్లా, సుబ్బరామయ్య గంగమ్మతల్లికి సగం గోళ్ళ మొక్కు మొక్కాడని పాలెమంతా తెలిసింది. సాయంత్రానికి ఇద్దరు కుర్రాళ్ళు కూడా ఒక చేతికి తీసుకుని తిరిగారు. సుబ్బరామయ్య తన జీవితంలో మొదటిసారి, తను వేయని వేళాకోళం ఊళ్ళో నడుస్తుంటే చూశాడు. కొంచెం అసూయ కూడా పడ్డాడు.

సాధన ఇంట్లో కుదరదు. ఒడ్డుకి లాగిపెట్టిన పడవలో టార్పాలిన్ కింద దూరి, మిట్టమధ్యాహ్నం, చెమటలు కారుతుంటే తీగలు నొక్కేవాడు. జుయ్. టప్. జుయ్. మూడో రోజున సన్నతీగ తెగింది. లంగరు తాడు బిగించినట్టు బిగిస్తే తెగకేం చేస్తుంది. దాని చోట గాలానికి కట్టే నైలాన్ దారం కట్టాడు. ముడి మాత్రం తిమింగలం లాగినా ఊడదు. నాలుగో రోజున టార్పాలిన్ దభీమని పైకి లేచింది. ఎదురుగా లోకేష్ చేతిలో కర్ర, శేషారత్నం చేతిలో చేట.

"ఎలకలు వల కొరుకుతన్నాయనుకున్నా నాన్నా!" అన్నాడు లోకేష్.

"ఎలకలైతే ఇంకొంచెం బాగా వాయించేయి," అంది శేషారత్నం.

సాయంత్రానికి కబురు ఇంటికి చేరింది. నాగవేణి రోకలితో, "ఈసారి ఎవరికి మూడిందో," అంది. పాలెం జనమంతా అదే అనుకున్నారు. సుబ్బరామయ్య గిటారు పట్టుకుని వీధిలో నడుస్తుంటే ఎదురొచ్చేవాళ్ళు జేబులు తడుముకుని పక్కకి తప్పుకునేవాళ్ళు. దానిలో పాముందని ఒకళ్ళు, పోలీసు మైకుందని ఒకళ్ళు. నేర్చుకుంటున్నానయ్యా అని అతనంటే, కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు. నిజం చెప్పి ఇంత నవ్వు తెప్పించొచ్చని అతనికి అదివరకు తెలియదు.

మే నెల గడిచేసరికి వేళ్ళ కొసలు గట్టిపడ్డాయి. నాలుగు చిన్న శనగగింజల్లాంటి కాయలు. మామ వరస చెయ్యి ఎరిగింది. కాని ఒక జబ్బు వదల్లేదు.

"బాబాయ్ గారూ, కుడిచెయ్యి మీటేశాక మీ ఎడం చెయ్యి వస్తంది," అంది ఫ్లోరెన్స్ తల పట్టుకుని. "రైలెళ్ళిపోయాక స్టేషనుకొచ్చినట్టు. రెండూ ఒక్కసారి పడాలి."

"పడవమ్మా. నెల నుంచీ చూస్తన్నా. నేనేదో కావాలని చేస్తన్నాననుకుంటన్నావేమో, ఒట్టు, ఈ ఒక్క పనీ కావాలని చేయట్లేదు."

"మీతోపాటు మొదలెట్టిన రాఘవయ్య గారికి కుదిరింది కదండీ."

"ముప్పై మూడేళ్ళు ఎడం చేత్తో ఫైలు పట్టుకుని కుడిచేత్తో సంతకం పెట్టానండి," అన్నాడు వీరరాఘవయ్య గర్వంగా. "రెండూ కలవకపోతే ఉద్యోగం పోయేది."

సుబ్బరామయ్య తన ఎడమ చేతికేసి చూసుకున్నాడు. మెల్లగా నవ్వొచ్చింది. అది ఎవరినో ఏడిపించే నవ్వు కాదు.

"దీని తప్పు కాదు టీచరమ్మా. వల లాగేటప్పుడు ముందు మా మామ కేకేస్తాడు. కేక పడ్డాకే చెయ్యి బిగించాలి. ముందే బిగిస్తే తాడు ఒరుసుకుని తోలు లేచిపోద్ది, మామ బూతులు తిడతాడు. ముప్పై ఐదేళ్ళు. ఇప్పుడు కుడిచెయ్యి మీటితే ఇది కేకనుకుంటంది. విన్నాక వస్తంది."

ఫ్లోరెన్స్ అతని ఎడం చెయ్యి తిప్పి చూసింది. కింద హోటల్లో ఎవరో ఇంకో అట్టు అని అరిచారు.

"సరే," అంది. "అయితే ఆలస్యంగానే రండి. కాని మెల్లగా కాదు. సుత్తి దిగినట్టు, వేలి కొసతో ఒక్క దెబ్బ. మళ్ళీ మీటొద్దు."

అతను వట్టి తీగ మీటాడు. అది మోగుతుండగా వేలు ధడాలున దించాడు. కుడిచెయ్యి కదల్లేదు, అయినా పైస్వరం పలికింది. సుబ్బరామయ్య గిటారు వెనక ఎవరన్నా ఉన్నారేమోనని తిప్పి చూశాడు.

"మీటకుండా మోగిందే!"

"దాన్ని హామర్ ఆన్ అంటారండి."

"నా తప్పుకి ఇంగ్లీషులో పేరు కూడా ఉందా!"

"ఇప్పుడు ఆ వేలు ఊరికే ఎత్తకండి. తీగని కిందకి గిల్లినట్టు తీయండి, మళ్ళీ కిందిస్వరం పలుకుద్ది. అది పుల్ ఆఫ్."

"గిల్లటం నాకు నేర్పక్కర్లేదమ్మా," అన్నాడు సుబ్బరామయ్య. "పుట్టినకాడ్నించీ అదే పని."

మీటు, దెబ్బ, గిల్లుడు. కేక, బిగువు, వదులు. ఆ గదిలో మొదటిసారి మామ వరస మామ వరసలా వినిపించింది. వీరరాఘవయ్య తనకి తెలియకుండానే కాళ్ళు ఎడంగా పెట్టి, లేని తాడు పట్టుకున్నాడు.

జూన్ పదిహేనున తెల్లారేసరికి పడవలన్నిటికీ పసుపు పూసి, మామిడాకులు కట్టారు. ఒడ్డున గంగమ్మతల్లికి కొబ్బరికాయలు కొడుతున్నారు. నాగవేణి కుంకుమ పళ్ళెం పట్టుకుని, చంకలో ఏదో మూటతో వచ్చింది. లోకేష్ ఇంజను చూసుకుంటున్నాడు. సుబ్బరామయ్య పడవ ముక్కు మీద కూర్చుని గోనెసంచి విప్పాడు.

జనం మూడడుగులు వెనక్కి జరిగారు.

"నీళ్ళు చిమ్ముద్దేమో, ఫోన్లు లోపల పెట్టుకోండి!" అని ఎవరో అరిచారు.

"ఏవండోయ్, పడవలోంచి ఎలకలు బయటికొచ్చాయి!" అంది శేషారత్నం.

సుబ్బరామయ్య బదులు పలకలేదు. అతను మాటకి మాట అప్పజెప్పకపోవడం ఆ పాలెం ఎన్నడూ చూడలేదు. దాంతో జనానికి భయం ఇంకా ఎక్కువైంది. బొటనవేలు మెడ వెనక ఆనించాడు. వేళ్ళు వంచాడు. మీటాడు.

ఏం తిన్నార్రా... ఓ... ఓ... అక్కడ మాట లేదు, తీగే. ఆ వెనకే వేలు దెబ్బ. హైలెస్సా. మళ్ళీ మీటు, మళ్ళీ దెబ్బ. మధ్యలో నైలాన్ దారం ఒకసారి 'డుబ్' మంది. ఎవరో నవ్వబోయి, పక్కనున్న ముసలాయన మోచేత్తో పొడిస్తే ఆపుకున్నాడు. వెంకటసుబ్బులు వెనక తాడు పట్టినవాళ్ళు అక్కడ పదిమందైనా ఉన్నారు. వాళ్ళ భుజాలు ఒక్కొక్కటే కదలడం మొదలయింది. సుబ్బరామయ్యకి అవేమీ కనపడలేదు. అతను నాగవేణికేసి కూడా చూడలేదు. చూస్తే మొహం దానంతటదే ఏదో ఒక వేషం వేస్తుందని భయం. ఎడమ చేతికేసే చూస్తూ, నోరు బిగించుకుని చివరిదాకా వాయించాడు.

అయ్యాక తలెత్తాడు. నాగవేణి పడవ దగ్గరికొచ్చింది. పడవ ముక్కుకి కుంకుమ పెట్టింది. కొబ్బరి ముక్క ఇస్తూ, గిటారు మెడ మీద ఇంకా బిగుసుకునే ఉన్న అతని ఎడమ చేతిని చూసింది. నాలుగు వేళ్ళ కొసల మీదా నాలుగు కాయలు. ఒక్క క్షణం చూసింది. చంకలో మూట పడవలోకి జారవిడిచి, వెనక్కి తిరిగి, ఇసకలో నడుచుకుంటూ ఇంటికెళ్ళిపోయింది.

'పోయిరా' లేదు. కోడితో కూడా అనలేదు.

ఇంజను అందుకుంది. పడవ నీళ్ళలోకి జారింది. జనం కేకలేస్తున్నారు. సుబ్బరామయ్య అంచున తాడు పట్టుకుని కూర్చుని, కాళ్ళ కింద చెక్కల్లోంచి నీరు ఊరుతోందేమోనని చూసుకుంటున్నాడు. అంతా పొడిగానే ఉంది. అయినా కాళ్ళు తడిసినట్టే ఉంది. ఆగి వెనక్కి తిప్పమందామా అనుకున్నాడు. ఏమని చెబుతాడు?

ఏరు సముద్రంలో కలిసే మొగ దాటుతుంటే, ఇంకో పది నిమిషాల్లో సిగ్నల్ పోతుందనగా, జేబులో ఫోను మోగింది. తీసి చూశాడు.

తెర మీద 'మామ' అని ఉంది.

వెనక్కి జరగబోయి అయిసు పెట్టె మీద కూలబడ్డాడు. ఫోను సముద్రంలో విసిరేద్దామని చెయ్యెత్తి, మామ తిడతాడని భయమేసి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. అటు నుంచి ఒక దగ్గు. ఆ తర్వాత బొంగురు గొంతు, సాగదీస్తూ:

"ఏం తిన్నావురా... ఓ... ఓ..."

అతని ఎడమ చెయ్యి తాడు మీద దానంతటదే బిగుసుకుంది. నోటిలోంచి మాత్రం, "హై... హై..." అని రెండు ముక్కలొచ్చి ఆగిపోయాయి.

అటు పక్క ఎవరో పగలబడి నవ్వారు. రెండు నెలలుగా వినని నవ్వు.

"తడుపుకున్నావా?" అంది నాగవేణి, సొంత గొంతుతో.

"వేణీ... ఓసి నీ..."

"రీఛార్జి ఇంకా పాతిక రోజులుందంట. జాగర్తగా ఉండు. మూడో కేక దగ్గర చెయ్యి మరీ లేటుగా పడింది, నాన్నయితే తన్నేవోడు. అయిసు పెట్టె పక్కన మూటలో రగ్గుంది. రాత్రి గాలికి చలేస్తే కప్పుకో." కాస్త ఆగింది. "పోయిరా."

ఫోను పెట్టేసింది.

సుబ్బరామయ్య ఫోను జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మూట విప్పి, జూన్ ఎండలో, చెమటలు కక్కుతూ, రగ్గు భుజాల మీదుగా కప్పుకున్నాడు.

"ఎవరు నాన్నా ఫోను?" అని ఇంజను మోతలోంచి లోకేష్ అరిచాడు.

"మీ తాతరా. పోయి రమ్మన్నాడు."

లోకేష్ రగ్గుకేసి చూశాడు, తండ్రి మొహంకేసి చూశాడు.

"మళ్ళీ మొదలెట్టావా నువ్వు?" అని, పడవ సముద్రం మీదికి తిప్పాడు.